తుపానుకు హారతి

ముందే మన్నింపు అడుగుతున్నాను. నాకు అక్షరాలు వచ్చింది తల నెరిసిన తర్వాత. ఒత్తు ఉండాల్సిన చోట దీర్ఘం ఉండడం, దీర్ఘం ఉండాల్సిన చోట ఏమీ లేకపోవడం నా రాతలో మామూలు. చేయి కూడా నిదానమే. పొయ్యి మీద పప్పు ఉడికేలోగా రెండు వాక్యాలు పడితే గొప్ప. తప్పులు కనిపిస్తే మీరే దిద్దుకుని చదువుకోండి. ఇది మా అక్క తిమ్మక్క కథ. ఆమె నోటి నుంచి ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు కాబట్టి కథలో మాత్రం తప్పు ఉండదు.

ఆదోని పత్తి మార్కెట్టు ఎదురుగా ఉన్న టీ అంగడిలో తిమ్మక్క మొగుడు ఉరుకుందప్పకు ఒక బల్ల ఉండేది. ఆయన కొన్నది కాదు. ఆయన వస్తే మిగిలినవాళ్ళు జరిగి చోటిచ్చేవాళ్ళు, అంతే. ఆయన లారీ డ్రైవరు. పత్తి బేళ్ళో, ఉల్లిగడ్డలో ఎక్కించుకుని శ్రీకాకుళం మీదుగా ఒరిస్సా దాకా పోయి రావడం ఆయన పని. వచ్చిన ప్రతిసారీ ఆ బల్ల మీద కూర్చుని సముద్రం గురించి చెప్పేవాడు. హాలహర్వి నుంచి, దేవనకొండ నుంచి పత్తి అమ్ముకోవడానికి వచ్చిన రైతులు టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా వినేవాళ్ళు.

"ఎన్ని నీళ్ళుంటాయన్నా ఆడ?"

"ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా ఉండే నేలంతా నీళ్ళనుకో. అది ఒట్టి అంచు."

"అన్ని నీళ్ళు పెట్టుకోని ఏం జేస్తారప్పా ఆ జనం?"

"ఏం జేస్తారు, సూస్తా కూసుంటారు."

రైతులు నిట్టూర్చేవాళ్ళు. ఆ నిట్టూర్పుకు ఉరుకుందప్ప ఛాతీ ఒక అంగుళం పెరిగేది. ఇట్లా ఏళ్ళ తరబడి చెప్పి చెప్పి, చివరికి తన మాటలు తనే నమ్మాడు. లారీ పని మానుకున్న సంవత్సరం శ్రీకాకుళం అవతల ఇసకలపాలెం అనే ఊళ్ళో, సముద్రానికి కూతవేటు దూరంలో, ఒక పాత పెంకుటిల్లు కొనేశాడు. కొన్న తర్వాత వచ్చి పెళ్ళానికి చెప్పాడు.

తిమ్మక్క రొట్టె తట్టుతోంది. చేతిలో పిండి అట్లాగే ఉండిపోయింది.

"నీళ్ళ ఒడ్డున ఇల్లా? ఏమయ్యా, ఉప్పునీళ్ళతో సంగటి కెలకాల్నా నేను?"

"నువ్వొచ్చి సూడు. సూసినాక మాట్లాడు."

"సూసేదానికి పోతే సరి. ఉండేదానికి పోవాలంటాండావే!"

మద్దికెరలో పుట్టి ఆదోనికి కాపురానికి వచ్చిన తిమ్మక్క బతుకులో సగం నీళ్ళ కోసం నిలబడడంలోనే గడిచింది. కొళాయి ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. పైపులో గాలి దగ్గిన చప్పుడైతే చాలు, ఎంత గాఢ నిద్రలో ఉన్నా లేచి బిందె అందుకునేది. కళ్ళు ఆ తర్వాత తెరిచేది. ఇంట్లో మనుషులు పడుకునే చోటు కంటే నీళ్ళు పడుకునే చోటే ఎక్కువ. ప్లాస్టిక్ డ్రమ్ములు, ఇత్తడి గంగాళాలు, స్టీలు బిందెలు, పెయింటు డబ్బాలు, అన్నిటికీ పాత చీర గుడ్డతో వాసెన కట్టి గోడల పొడుగునా వరసగా పెట్టేది.

సామాను లారీకి ఎక్కించే రోజు ఉరుకుందప్ప మొత్తుకున్నాడు. "సముద్రం కాడికి నీళ్ళ డ్రమ్ములు తీసుకోని పోతే జనం నవ్వుతారే!"

"నవ్వనీ." మంచం వదిలేయమంటే వదిలేసింది. బీరువా వదిలేయమంటే వదిలేసింది. బిందె మాత్రం ఒక్కటి కూడా వదల్లేదు.

ఇసకలపాలెంలో లారీ ఆగేసరికి వాళ్ళ ఇంటి అరుగు నిండా ఎండు చేపలు ఉన్నాయి. ఇల్లు చాలాకాలం ఖాళీగా ఉండడంతో పక్కింటి పోలమ్మ దాన్ని తన కళ్ళం చేసుకుంది. పోలమ్మ మొగుడు గురయ్యకు పడవ ఉంది. పోలమ్మకు నోరు ఉంది. ఆమె చీపురుతో చేపల్ని ఒక పక్కకు తోస్తూ, "వొచ్చీసినారేటప్పా?" అని పలకరించింది.

తిమ్మక్క వెనక్కి తిరిగి చూసింది. మన వైపు అప్పా అంటే మగవాళ్ళను గదా పిలిచేది. వెనక ఎవరూ లేరు. ఆ వైపు అక్కను అప్ప అంటారని తెలియడానికి ఆమెకు ఒక పూట పట్టింది. ఎండు చేపల వాసనకు అలవాటు పడడానికి ఇంకా ఎక్కువ పట్టింది.

కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పోయింది. అక్కడ బావి. పక్కనే చేద. చేంతాడు చూస్తే జానెడంత ఉన్నట్టు అనిపించింది. ఈ తాడు ఎట్లా చాలుతుంది అనుకుంటూ చేద వదిలింది. తాడు ఇంకా చేతిలో మిగిలే ఉంది, కింద బుడుంగుమని నీళ్ళు తగిలాయి. తిమ్మక్క ఉలిక్కిపడి, ఏదో విరిగిపోయిందనుకుని పైకి లాగింది. చేద నిండా నీళ్ళు. భయం భయంగా నాలుక మీద ఒక చుక్క వేసుకుంది. తియ్యగా ఉన్నాయి.

"ఇసక నుయ్యప్పా," అంది వెనకే వచ్చిన పోలమ్మ. "సముద్రం పక్కనున్నా తీపి నీరే ఊరతాది."

"ఎంతసేపు వస్తాయి?"

పోలమ్మకు ప్రశ్న అర్థం కాలేదు. "ఎంతసేపేటి? నుయ్యి యాడికి ఎల్తాది?"

ఆ రోజు తిమ్మక్క మూడుసార్లు తలంటుకుంది. మూడోసారికి తలలో నూనె లేదు, మురికి లేదు, కారణం కూడా లేదు. సాయంత్రానికి తెచ్చిన డ్రమ్ములన్నీ, బిందెలన్నీ నింపి, వాసెనలు కట్టి, గదుల్లో గోడల వెంబడి వరసగా పెట్టేసింది. పోలమ్మ తలుపు దగ్గర నిలబడి బుగ్గ నొక్కుకుంది.

"నూతిలో నీరుండగా ఇన్ని ఎందుకప్పా? పెళ్ళేటైనా ఉందేటి?"

"ఉండనీలేమ్మా. నిండు బిందె కంట పడకపోతే నాకు నిద్ర రాదు."

అప్పటి నుంచి రోజూ పొద్దున పాత నీళ్ళు కొబ్బరి చెట్లకు పోసి, కొత్త నీళ్ళు నింపడం తిమ్మక్క పని. పని అనకూడదు, సంబరం అనాలి. ఏడుస్తూ వచ్చిన మనిషి నెల తిరిగేలోపు బావిగట్టు మీద కూర్చుని జొన్నరొట్టె తింటూ, ఎమ్మిగనూరులో ఉన్న కూతురు సునీతకు ఫోను చేసి, చేద నీళ్ళలో పడే చప్పుడు వినిపించేది.

"మా, అది వినిపించేదానికి ఫోను సేసినావా?"

"ఇంగోసారి విను."

ఉరుకుందప్ప సంగతి దీనికి తలకిందులు. పొద్దున కొన్న బొరుగులు మధ్యాహ్నానికి తడి దూదిలా మెత్తబడ్డాయి. అగ్గిపుల్ల గీస్తే వెలగదు. ఆదోనిలో తళతళలాడిన స్కూటరు ఒక్క వానాకాలానికే తుప్పుపట్టి ముసలిదైపోయింది. "మనూళ్ళో ఉప్పు డబ్బాలో ఉంటాది. ఈడ గాలిలో ఉంటాది," అని సణిగేవాడు.

ఇవన్నీ పైకి చెప్పుకునే బాధలు. అసలు బాధ వేరే. ఒక రోజు సముద్రం ఒడ్డున గురయ్య, ఇంకొందరు వలలు బాగుచేసుకుంటుంటే ఉరుకుందప్ప వాళ్ళ మధ్య చతికిలబడి, కనుమ దారిలో లారీ బ్రేకులు పోయిన కథ ఎత్తుకున్నాడు. ఆదోనిలో ఆ కథకు టీ ఊరికే వచ్చేది. గురయ్య దారాన్ని పంటితో తెంపుతూ చివరిదాకా విన్నాడు. విని, "మరైతే లారీ నేల మీదే ఉంది గదేటి బావూ?" అన్నాడు.

"నేల మీదే."

"దిగిపోయి నడిసి వొచ్చీవచ్చు గదా." తర్వాత గురయ్య, నడి సముద్రంలో ఇంజను ఆగిపోయి, తాగడానికి నీరు లేక, ఏ దేశపు ఒడ్డో తెలియని చోటికి తాము కొట్టుకుపోయిన సంగతి రెండు ముక్కల్లో చెప్పి, మళ్ళీ వల పనిలో పడ్డాడు. అది ఆయనకు కథ కూడా కాదు.

ఆ రోజు ఉరుకుందప్ప అన్నం సరిగా తినలేదు. ఆదోనిలో సముద్రం చూసొచ్చిన మనిషి ఆయన ఒక్కడే. ఇక్కడ పాలు తాగే బిడ్డ కూడా సముద్రం చూసింది.

"సముద్రం ఒక గ్లాసు టీ తాగేంతసేపు బాగుంటాదే," అన్నాడు పెళ్ళాంతో. "తర్వాత ఏం జెయ్యాల? అది అట్లే ఉంటాది, మనమూ అట్లే ఉంటాము. ఇల్లు అమ్మేస్తాండాను. విశాఖపట్నం నుంచి ధనుంజయరావు అనే ఆయన ఈ శుక్రవారం సూసేదానికి వస్తాండాడు. ఎండాకాలం వాళ్ళ హోటలు గిరాకీలను ఈడ పెట్టుకుంటాడంట."

తిమ్మక్క చేతిలోని చేద బావిలో జారిపడింది.

"కొనేటప్పుడు నన్ను అడగలేదు. అమ్మేటప్పుడన్నా అడగవా?"

"మాట ఇచ్చేసినాను."

"బావిని యెట్ల అమ్ముతావయ్యా?"

"ఇంటితోపాటే పోతాదే అది. మనూరికి పోదాం పా. నా బల్ల మీద ఎవడు కూసుంటాండాడో ఏమో!"

ఎంత ఏడ్చినా, ఎంత తిట్టినా ఆయన మారలేదు. పైగా పెళ్ళాం సంగతి తెలిసినవాడు కనుక ముందే కట్టుదిట్టం చేసుకున్నాడు. "వచ్చినోళ్ళ ముందర ఇంటి గురించి ఒక్క సెడ్డ మాట మాట్లాడనని ఉరుకుంద ఈరన్న మీద ఒట్టెయ్యి," అన్నాడు.

ఈరన్న స్వామి పేరు ఎత్తిన తర్వాత తిమ్మక్కకు దారి లేదు. పెరటి గోడకు ఆనుకుని ముక్కు చీదింది. "సరే. సెడ్డ మాట ఒక్కటీ అనను. అబద్ధం కూడా ఆడను. ఉండేది ఉన్నట్టు సెప్తాను. నువ్వూ అంతే. ఈరన్న ఇద్దరినీ సూస్తాంటాడు."

"అంతకంటే ఇంగేం కావల్ల," అన్నాడు ఉరుకుందప్ప.

శుక్రవారం నాటికి టీవీలో బంగాళాఖాతం వాయుగుండం అంటున్నారు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మన ఆదోని వైపు ఆ మాట వినబడితే ఇంటిల్లిపాదికీ ఆనందం. అది ఎక్కడో దూరాన పుట్టి, నానా గడ్డీ కరిచి, మన దాకా వచ్చేసరికి సన్నటి మంచి వానై కంది చేలను బతికిస్తుంది. వాయుగుండం లేని సంవత్సరం మనకు పండగ లేనట్టే. అది పుట్టిన చోట ఎట్లా ఉంటుందో తిమ్మక్కకు ఎవరు చెప్పారు?

ఆ పొద్దున తూర్పున మబ్బు లేచింది. తిమ్మక్క తన పుట్టుకలో అంతటి మబ్బు చూడలేదు. నల్లగా, ఈనబోయే గేదెలా, సముద్రం మీద వాలి ఉంది. ఇల్లు, అమ్మకం, ఏడుపు అన్నీ మరిచిపోయింది. మద్దికెరలో వాళ్ళ అవ్వ నేర్పిన పద్ధతి ఒకటి ఉంది. మబ్బు కనిపిస్తే గడపకు పసుపు రాయాలి, ఖాళీ పాత్రలకు బొట్టు పెట్టి ఆకాశం కింద పరవాలి, హారతి పట్టి లోపలికి పిలవాలి. పిలవని చుట్టం మాదిరి వాన కూడా గడప దగ్గర నుంచే తిరిగిపోతుందని అవ్వ నమ్మకం. తిమ్మక్క కాళ్ళూ చేతులూ వాటంతట అవే ఆడాయి. వంటింట్లోని గిన్నెలు, చెంబులు, దబరాలు, పళ్ళేలు, చివరికి ఇడ్లీ పాత్ర కూడా పెరట్లోకి, వాకిట్లోకి, అరుగు మీదికి, చూరు కిందికి వచ్చేశాయి. ప్రతిదానికీ కుంకుమ బొట్టు. ఆపైన పళ్ళెంలో కర్పూరం వెలిగించి, వాకిట్లో నిలబడి, తూర్పు వైపు తిప్పుతూ, వాన దేవుడి పాట ఎత్తుకుంది.

వీధిలో ఊరంతా పరుగుల మీద ఉంది. పడవలు పైకి లాగుతున్నారు, వలలు మూట కడుతున్నారు, పాకల కప్పుల మీదికి తాళ్ళు విసిరి కట్టుకుంటున్నారు. మేకను ఒక చేత, మూటను ఒక చేత పట్టుకుని పోతున్న పోలమ్మ ఈ హారతి చూసి నిలువునా ఆగిపోయింది.

"ఓలమ్మో! తుపానికి ఆరతేటే నీ మొకం మండ!"

"మంచి మబ్బు పోలమ్మా! సూడు, ఎంత సక్కగుందో!"

"సక్కగుందా! ఆ సక్కదనం కిందటిపాలి మా ఇంటి కప్పు ఎత్తుకెల్లిపోనాది! ఆర్పీ! ముందు ఆ కర్పూరం ఆర్పీ!"

"వానను తిట్టొద్దమ్మా, అలుగుతాది."

"అలగనీ! అలిగి నీ ఆదోనికే ఎల్లిపోనీ! ఓలయ్యో, ఇది తుపాన్ని పేరెట్టి పిలిసేస్తంది, సూడండ్రో!"

నలుగురు పోగయ్యారు. సరిగ్గా అప్పుడే ఒక తెల్ల కారు వచ్చి ఆగింది. తుపాను ఒరిస్సా వైపు తప్పుకుంటుందన్న మాట నమ్మి, ధనుంజయరావు భార్యను వెంటబెట్టుకుని ఇల్లు చూసుకోవడానికి వచ్చాడు.

ఉరుకుందప్ప ఉతికిన చొక్కా తొడుక్కుని ఎదురుపోయాడు. "రాండి సార్, రాండమ్మా. ఇదే ఇల్లు."

ధనుంజయరావు భార్య గిన్నెల మధ్య అడుగు ఎక్కడ పెట్టాలో తెలియక చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుంది. అరుగు మీద గిన్నెలు, చూరు కింద వరసగా గిన్నెలు. ఆమె తలెత్తి పెంకుల వైపు చూసింది.

"ఇవన్నీ ఎందుకమ్మా?"

తిమ్మక్క ఒట్టు గుర్తు తెచ్చుకుంది. ఉండేది ఉన్నట్టు చెప్పాలి. "వాన వస్తాంది గదమ్మా. పట్టుకోవల్ల గదా!"

"ఇల్లు కారుతుందా?"

"అయ్యో, ఒక్క చుక్క కారదు తల్లీ. ఈరన్న సాచ్చిగా సెప్తాండాను."

"మరి ఇన్ని గిన్నెలు..."

"అది మాకు అలవాటమ్మా."

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లోపలికి పోయారు. నడవలో గోడ వెంబడి డ్రమ్ములు. పడక గదిలో మంచానికి చుట్టూ బిందెలు. దేవుడి గూటి కింద గంగాళం. ధనుంజయరావు ఒక డ్రమ్ముకు కట్టిన గుడ్డ ఎత్తి చూశాడు. అంచుల దాకా నీళ్ళు.

"ఇంకా వాన మొదలే కాలేదు కదండీ? అప్పుడే ఇవి ఎలా నిండాయి?"

"అవి నిన్నటివి సార్," అంది తిమ్మక్క వినయంగా. "రోజూ నిండుతాయి. రోజూ పారబోసి మళ్ళీ పెడతాను."

ఉరుకుందప్ప సర్ది చెప్పాలని ముందుకొచ్చాడు. "సార్, మీరు వేరేగా అనుకోవద్దు. మా ఆదోని ఇంట్లో కూడా ఇట్లే ఉండేది. ప్రతి గదిలో డ్రమ్మే. మా వీధిలో ఎవురింట్లో సూసినా అంతే."

"ఓహో," అన్నాడు ధనుంజయరావు. ఆ వీధిలోని ఇళ్ళన్నిటి మీదా ఆయనకు జాలి కలిగినట్టు కనిపించింది.

"బావి సూడండి సార్, బావి బంగారం," అని ఉరుకుందప్ప పెరట్లోకి తీసుకుపోయాడు. తిమ్మక్క ఒట్టు తలుచుకుని నిజమే చెప్పింది. "నీళ్ళు ఎప్పుడూ ఇంత పైనే ఉంటాయి సార్. తాడు జానెడు వదిలితే సాలు, తగుల్తాయి."

ధనుంజయరావు బావిలోకి చూశాడు, సముద్రం వైపు చూశాడు, మళ్ళీ బావిలోకి చూశాడు. "ఇంత పైకి వచ్చేశాయా?" అన్నాడు నెమ్మదిగా.

అప్పుడు పోలమ్మ గోడ మీదుగా తల పెట్టింది. ఆమె కోపం ఇంకా దిగలేదు. "కొనుక్కోండి బావూ, బేగి కొనుక్కోండి! తుపాను నేరుగా ఈ గుమ్మంలోకే వొస్తాది. ఈవిడే బొట్టెట్టి పిలిసినాది!"

వీధిలో మైకు కట్టిన జీపు వచ్చింది. తుపాను దిశ మారిందనీ, అందరూ వెంటనే షెల్టరుకు తరలాలనీ అరుస్తూ పోయింది. దాని వెనకే తెల్ల కారు కూడా పోయింది. కిటికీలోంచి ధనుంజయరావు, "తుపాను తర్వాత ఇల్లు నిలబడి ఉంటే ఫోను చేస్తా లెండి," అన్న మాట మాత్రం గాలికి వెనక్కి వచ్చింది.

ఉరుకుందప్ప పెళ్ళాం మీద విరుచుకుపడ్డాడు. "ఒట్టు తప్పినావే నువ్వు!"

"ఒక్క సెడ్డ మాట అన్నానా? ఒక్కటి సెప్పు."

ఆయన నోరు తెరిచాడు. వేళ్ళు మడిచాడు, విప్పాడు. ఒక్కటి కూడా దొరకలేదు. ఆలోగా ఇడ్లీ పాత్ర మూత గాలికి లేచి, కొబ్బరి చెట్ల మీదుగా, ఎక్కడికో వెళ్ళిపోయింది.

షెల్టరులో గడిపిన ఆ రాత్రి గురించి తిమ్మక్క ఎక్కువ చెప్పదు. ఆ గాలి చప్పుడు విన్న తర్వాత ఒక మూల కొంగు కప్పుకుని, "తప్పయిపోయింది తల్లీ, నిన్ను కాదు నేను పిలిసింది, మా ఊరికొచ్చే సన్నవానను, నీ చెల్లెల్ని," అని గొణుక్కుంటూ కూర్చుందట. అంతవరకే చెబుతుంది.

తెల్లారి గాలి తగ్గాక తిరిగి వస్తే ఇల్లు నిలిచే ఉంది. ఒక పక్క పెంకులు లేచిపోయాయి. వాకిట్లో పరిచిన గిన్నెలు ఊరంతా పంచినట్టయింది. ఒక దబరా జీడిమామిడి కొమ్మకు వేలాడుతోంది. ఇంకొకటి గురయ్య పడవలో పడి ఉంది. తిమ్మక్క వాటి జోలికి పోకుండా నేరుగా బావి దగ్గరికి పోయింది. సముద్రం అక్కడి దాకా వచ్చి పోయిన గుర్తులు ఉన్నాయి. ఇసుకలో నాచు, గట్టు మీద చచ్చిన పీత. చేద ముంచి, నాలుక మీద చుక్క వేసుకుంది.

ఉప్పు.

మరోసారి ముంచింది. అదే ఉప్పు. తిమ్మక్క గట్టుకు ఆనుకుని కూలబడింది. ఉరుకుందప్ప వచ్చి చూశాడు. గెలిచింది తనే. ఉప్పు బావి కోసం ఏ పెళ్ళాం పట్టుబడుతుంది? అయినా ఆమె మొహం చూస్తే గెలిచినట్టు అనిపించలేదు.

ఊరి బావులన్నిటిదీ అదే గతి. కరెంటు స్తంభాలు పడిపోయి ట్యాంకు మోటారు ఆడడం లేదు. రోడ్డుకు అడ్డంగా చెట్లు పడి బయటి నుంచి ట్యాంకరు రావడానికి దారి లేదు. మధ్యాహ్నానికి పోలమ్మ ఒక చిన్న తపేలా పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చింది. ఎప్పుడూ సగం వీధికి వినిపించే గొంతు, ఇప్పుడు గడప దాటడం లేదు.

"అప్పా... నీ కాడ గదిలో డబ్బాలు..."

తిమ్మక్క లోపలికి చూసింది. ఆదోని వాసెన గుడ్డలు బిగించిన డ్రమ్ములు, గంగాళాలు, బిందెలు, కదలకుండా గోడల వెంబడి వరసగా, నిండుగా ఉన్నాయి. కొన్నిటి మీద పెంకు ముక్కలు పడ్డాయి, అంతే.

లేచి కొంగు దోపుకుంది. కళ్ళు తుడుచుకుంది. పోలమ్మ తపేలా నింపేలోపే వెనక ఇంకో నలుగురు, వాళ్ళ వెనక ఇంకో పదిమంది, అందరూ ఒక్కసారిగా గుమ్మంలోకి తోసుకొచ్చారు. తిమ్మక్క చెయ్యెత్తింది.

"ఆగండి! నీళ్ళకు ఇట్లనా వచ్చేది? లైను యాడ?"

వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. సముద్రంలో పుట్టి పెరిగిన జనం. నీళ్ళ కోసం లైను కట్టడం వాళ్ళకు తెలియదు. తిమ్మక్క నేర్పింది. బిందె వెనక బిందె ఎట్లా పెట్టాలో, ఇంటికి పోయి రావాలంటే తన చోట ఒక రాయి పెట్టి ఎట్లా పోవాలో, ఆ రాయిని పక్కమనిషి జరిపితే ఏ భాషలో అడగాలో అన్నీ చెప్పింది. సాయంత్రానికి పోలమ్మ రాయిని ఎవరో కాలితో పక్కకు నెట్టారు. ఇద్దరు ఆడవాళ్ళు జుట్లు పట్టుకునేదాకా వచ్చారు. తిమ్మక్క మనసుకు అప్పుడు గాని ఊరట దొరకలేదు. అచ్చం ఆదోని.

లైనులో నిలబడ్డవాళ్ళకు పొద్దు పోవాలి గదా. కరెంటు లేదు, టీవీ లేదు, పడవలు కదలవు. అరుగు మీద దిగాలుగా కూర్చున్న ఉరుకుందప్పను గురయ్య అడిగాడు.

"బావూ, మీ ఊర్లో రోజూ ఇలగే నిలబడతారేటి?"

"రోజూనా? రోజూ వస్తే ఇంగేం కావల్ల!" అన్నాడు ఉరుకుందప్ప. "కొళాయి ఎప్పుడొస్తాదో ఆ దేవునికే తెలీదు."

"నిజిమే?" గురయ్య వల పక్కన పెట్టాడు.

ఉరుకుందప్ప చూశాడు. గురయ్య నోరు తెరుచుకుని ఉంది. ఆయన పక్కనున్న ఇద్దరి నోళ్ళు కూడా. ఉరుకుందప్ప మెల్లగా అరుగు మధ్యకు జరిగాడు. ఎండాకాలం దేవనకొండలో మనిషి స్నానం చేస్తే ఆ నీళ్ళు గేదెకు, గేదె మిగిల్చినవి చెట్టుకు పోయే సంగతి చెప్పాడు. బోరు వేస్తే దుమ్ము వచ్చిన సంగతి చెప్పాడు. లైనులో వెనకవాళ్ళు వినపడడం లేదని ముందుకు తోసుకున్నారు. వాన కోసం కప్పలకు, గాడిదలకు పెళ్ళి చేస్తారంటే ఎవరూ నమ్మలేదు. ఈరన్న మీద ఒట్టు పెట్టాడు. మరునాడు నీళ్ళు అవసరం లేనివాళ్ళు కూడా ఖాళీ చెంబు పట్టుకుని వచ్చారు. ఎవరో బెల్లం టీ కాచి తెచ్చారు. ఊరికే.

ఇక పెరట్లో పోలమ్మ తిమ్మక్క చేతిలోంచి చేద లాక్కుంది. "నుయ్యి ఉప్పయితే ఏడుస్తావేటప్పా? తోడి పారబోస్తే మళ్ళీ ఊరతాది. ఇసక తల్లి సల్లగుంటే రెండు వానలకి తీపెక్కీస్తాది."

"నిజంగానా?"

"ఎన్ని తుపాన్లు సూసినాం మేం! నువ్వు మా గొంతులు తడిపినావు. నీ నుయ్యి మేం తోడమేటి?"

ఊరి మగవాళ్ళు వంతులు వేసుకుని బావి తోడారు. తోడిన కొద్దీ ఊరింది. పొద్దున, మాపు తిమ్మక్క నాలుక మీద చుక్క వేసుకుని చూసేది. ఉప్పే. కొంచెం తక్కువ ఉప్పు. కొంచెం అనుమానం ఉప్పు.

ఒక సాయంత్రం ఉరుకుందప్ప ఫోను మోగింది. ఆయన అరుగు మీద నిండు సభలో ఉన్నాడు. తోడుతున్న చేద ఆపి, తిమ్మక్క పెరటి తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఆ, ధనుంజయరావు సార్! ఇల్లు నిలబడింది సార్, రాయి మాదిరి ఉంది... పెంకులు కొన్ని పోయినాయి, కప్పిస్తిమి... బావి కొంచెం ఉప్పయింది, సరిపోతాదంటాండారు..." అవతల ఏదో చాలాసేపు మాట్లాడారు. ఉరుకుందప్ప ఊ కొడుతూనే గురయ్య వైపు చూశాడు. గురయ్య కళ్ళు ఫోను ఎప్పుడు పెట్టేస్తారా అని ఎదురు చూస్తున్నాయి. "లేదు సార్. అమ్మేది లేదు. ధర మాట కాదు సార్... కోపం కూడా కాదు... ఈడ గాడిదలకు బాసింగాలు కట్టి పెళ్ళి పీటల మీద నిలబెట్టుకోనుండాను సార్. ముహూర్తం దాటిపోతాంది. ఉంటా!"

ఫోను జేబులో వేసుకుని, "యాడున్నాము?" అన్నాడు.

"తాళి కట్టబోతంది బావూ," అన్నారు పదిమంది ఒక్క గొంతుతో.

తిమ్మక్క చప్పుడు చేయకుండా వెనక్కి పోయింది. చేద వదిలింది. తాడు ఇంకా చేతిలో మిగిలే ఉంది, బుడుంగుమని నీళ్ళు తగిలాయి. నాలుక మీద చుక్క వేసుకుంది. ఉప్పో తీపో తేల్చుకోలేకపోయింది, కళ్ళనీళ్ళు కూడా అందులో పడ్డాయి కాబట్టి. అయినా బిందె నింపి, వాసెన కట్టి, గోడ వెంబడి వరసలో పెట్టింది.

బావి తీపెక్కిందని ఫోనులో చెప్తే, నిజమో కాదో చూసి వారంలో తిరిగి పోదామని ఎమ్మిగనూరు నుంచి ఆమె చెల్లెలు వచ్చింది. వచ్చిన రోజే మూడుసార్లు తలంటుకుంది.

హనుమక్క, వయసు అరవై ఒకటి.
ఇప్పుడు ఉండేది: ఇసకలపాలెం, మా అక్క తిమ్మక్క ఇంట్లో, బావి వైపు గదిలో, డ్రమ్ముల పక్కన.